పదహారు పదహార్లు

దోన్కా మినేవా పిన్నికి వేలిముద్రలు దాదాపు లేవు. గుర్తింపు కార్డు కొత్తది చేయించుకోవడానికి వెళ్తే పోలీసుస్టేషన్లోని యంత్రం ఆవిడ వేళ్లను ఒప్పుకోదు. అక్కడి అమ్మాయి ప్రతిసారీ గుడ్డతో అద్దం తుడిచి, మళ్లీ పెట్టమంటుంది. పిన్ని మళ్లీ పెడుతుంది. పంతొమ్మిదేళ్లు ఉన్ని మిల్లులో తెగిన పడుగు దారాలను ముడివేసి ముడివేసి అరిగిపోయిన వేళ్లవి. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లుగా అవే వేళ్లతో కోడ్ రాస్తోంది.

మిల్లు మూసేసిన ఏడాది మా గాబ్రొవోలో ఇంటికొకరు పని కోసం ఎటో ఒకవైపు వెళ్లిపోయారు. పిన్ని ఎటూ వెళ్లలేదు. మిల్లులో ఆవిడ చివరి కొలువు మగ్గానికి నమూనా చెప్పే రంధ్రాల అట్టలు సరిచేయడం. అట్టలో రంధ్రం ఉంటే దారం పైకి లేస్తుంది, లేకపోతే లేవదు. అలా వేలాది రంధ్రాల వరసలోంచి గులాబీపువ్వు నేతలోకి వస్తుంది. ఊరి పఠన మందిరంలో ఎవరో వదిలేసిన రెండు కంప్యూటర్లు ఉన్నాయని విని, పొయ్యికి దగ్గరగా ఉన్నదాని ముందు కూర్చుంది. పక్కన రష్యన్ భాషలో ఒక పుస్తకం, చేతిలో పెన్సిలు. నేర్పేవాళ్లు లేరు. "రంధ్రం ఉంది, రంధ్రం లేదు. ఇదీ అంతేగా" అనుకుందట. మూడో శీతాకాలానికి మా ఆఫీసువాళ్లు వెతుక్కుంటూ వెళ్లి ఆవిణ్ని పనిలో పెట్టుకున్నారు.

మా ఆఫీసు యంత్రా నది ఒడ్డున ఉంది. పైన బాల్కన్ కొండల్లో తొమ్మిది గుడిసెల నుంచి రోజూ పొద్దున ఎనిమిదింటికి మంచు ఎంత లోతుందో, చలి ఎంతుందో మాకు వస్తుంది. మంచు ఎక్కువై కొండ మీంచి జారిపడేలా ఉంటే కింది దారులు మూయిస్తాం. ఈ కొలతలు రేడియోలో వస్తాయి. రేడియో మాట ఎవరైనా వినవచ్చు. దారి మూస్తారని ముందే తెలిస్తే హోటళ్లవాళ్లు మాకంటే ముందు అతిథులకు వేరే కథ చెబుతారు. అందుకని కొలతకు తాళం వేసి పంపుతాం, ఇక్కడ తాళం తీసి చదువుతాం. ఆ తాళం వేసే, తీసే కోడ్ పిన్నిది. నేను రేడియోలు బాగుచేసే పనికి వచ్చి, ఆవిడ పక్క బల్ల దగ్గర కూర్చుని, ఈ పని కూడా నేర్చుకున్నాను.

మొదటి పాఠం ఇంకా గుర్తుంది. మధ్యాహ్నం బీన్స్ సూపు తాగుతూ ఆవిడ కోడ్ చదువుతున్నాను.

"పిన్నీ, చివర ఈ చెత్తంతా ఏంటి?"

"చెత్త కాదురా రాచో. ఆ చెంచా పక్కన పెట్టి ఇలా చూడు."

గళ్ల నోటుబుక్కులో ఒక వరసలో పదహారు గళ్లు గీసింది. ఈ తాళం పదహారు బైట్లు ఒక కట్టగా తీసుకుంటుంది, పదిహేనిస్తే ముట్టుకోదని చెప్పింది. పదమూడు గళ్లలో పదమూడు అక్షరాలు నింపింది. మిగిలిన మూడు గళ్లలో మూడు, మూడు, మూడు అని రాసింది.

"మూడు తక్కువైతే మూడు మూళ్లు. అయిదు తక్కువైతే అయిదు అయిదులు. దీన్నే ప్యాడింగ్ అంటారు. తాళం తీశాక చివరి గడి చూడు. ఎన్ని తీసెయ్యాలో అదే చెబుతుంది. కానీ తీసేముందు లెక్కపెట్టుకో. మూడంటే వెనకనుంచి మూడూ మూళ్లే ఉండాలి. లేకపోతే దాన్ని ముట్టుకోకు, మళ్లీ పంపమను. ఎందుకో చెప్పకు. తప్పు ఎక్కడుందో చెబితే తాళం విప్పాలని చూసేవాడికి దారి చూపించినట్టే."

"సరిగ్గా పదహారే ఉంటే? ఖాళీ గడే లేకపోతే?"

"ఇంకో కట్ట మొత్తం వేస్తాం. పదహారు పదహార్లు."

నాకు నవ్వొచ్చింది. "నిండిన సంచీకి ఖాళీ సంచీ కట్టడం ఏంటి పిన్నీ! నువ్వసలు గాబ్రొవోలో పుట్టావా?"

పిల్లి లోపలికి వచ్చేటప్పుడు తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంటే గదిలో వేడి పోతుందని దాని తోక కత్తిరించినవాళ్లమని లోకమంతా మా గురించి చెప్పుకుంటుంది. మేం ఆ కథకు సిగ్గుపడం. తోకలేని పిల్లి బొమ్మలు అమ్ముకుంటాం.

పిన్ని నవ్వలేదు. "మిల్లులో గుడ్డ తాను పూర్తయిన చోట ఎర్రదారంతో నాలుగు వేళ్లంత నేసేవాళ్లం. కోసేవాడు ఎరుపు చూసి అక్కడ కోస్తాడు. ఒకసారి తాను సరిగ్గా కొలతకు వచ్చిందని ఒక పిల్ల ఎరుపు నేయడం మానేసింది. గుడ్డలో గులాబీలు కూడా ఎరుపే. కోసేవాడు గులాబీ దగ్గర కోసేశాడు." సూపు గిన్నె దగ్గరికి లాక్కుంది. "ఎప్పుడూ వేస్తే ఎప్పుడూ తియ్యొచ్చు. ఒకసారి వేసి ఒకసారి మానేస్తే, తీసేవాడికి ఎలా తెలుస్తుంది?"

అర్థమైందన్నాను. తలకు అర్థమైంది. చేతికి కాలేదు.

పోయిన శరత్తులో పిన్ని కంటి ఆపరేషన్‌కు ప్లోవ్‌దివ్ వెళ్లింది. నెలన్నర సెలవు. నేను రేడియోల బ్యాటరీలు మారుస్తూ పాత లెక్కలు తిరగేశాను. ఎనిమిది గుడిసెల నుంచి ఎప్పుడూ ఒక్క కట్టే వస్తోంది. ఏడో గుడిసె నుంచి మాత్రం గడ్డు చలి రోజుల్లో రెండు కట్టలు వస్తున్నాయి. సూర్యుడు కనపడని ఆ రోజుల్లోనే, సూర్యుడి పలకతో నిండే అక్కడి బ్యాటరీ నీరసంగా ఉంటుంది. ఆ రెండో కట్టలో ఉన్నది పదహారు పదహార్లే. వట్టి ఖాళీ, దాన్ని పంపడానికి మళ్లీ బ్యాటరీ ఖర్చు. చూస్తూ ఊరుకోలేకపోయాను.

కోడ్‌లో రెండు చోట్ల చెయ్యి పెట్టాను. పంపేచోట, కట్ట సరిగ్గా నిండితే ఇంకేమీ కలపొద్దన్నాను. అలా వచ్చినదాన్ని తీసేచోట పిన్ని పెట్టిన తనిఖీ తిప్పికొడుతుంది కాబట్టి దాన్నీ తీసేశాను. చివరి గడిలో ఒకటి నుంచి పదహారు లోపు అంకె ఉంటే అన్ని గళ్లు కొయ్యి, లేకపోతే ఉన్నదున్నట్టు వదిలెయ్యి. అంతే. పదహారు అక్షరాల మాట ఒకటి పంపి చూశాను. పొల్లుపోకుండా వచ్చింది. ఇంజనీరు లాజరోవ్ భుజం తట్టి, "తోక బాగా కత్తిరించావోయ్" అన్నాడు. పిన్ని తిరిగొచ్చేసరికి మొదటి మంచు పడింది, పనులు మీద పడ్డాయి. చెప్పడం మరిచిపోయాను.

ఏడో గుడిసె కాపలాదారు దోబ్రి అన్న. డెబ్బై ఏళ్ల మనిషి. కుర్రతనంలో రైల్వేస్టేషన్లో టెలిప్రింటరు మీద పనిచేశాడు. తర్వాత ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ కొండమీదే. ఈ ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎనిమిదింటి కొలత ఒక్కటీ తప్పలేదు. భార్యను మట్టిచేసిన రోజు కూడా కొలిచి, పంపి, ఆ తర్వాత కిందికి దిగాడు. ఆయన గొప్పగా చెప్పుకునేది అదొక్కటే.

ఫిబ్రవరిలో సోఫియాలోని పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది: ఏడో గుడిసె నుంచి ఈ శీతాకాలంలో పంతొమ్మిది పొద్దుల కొలత రాలేదు. పక్క గుడిసెల లెక్క చూస్తే ఆ పంతొమ్మిదీ మీటరు దాటిన మంచు, మైనస్ పది దాటిన చలి ఉన్న రోజులే. కాపలాదారు వయసు దృష్ట్యా ఆయన గడ్డు వాతావరణంలో బయటికి రావడం మానేశాడని భావిస్తున్నాం. గురువారం ఇన్‌స్పెక్టరు వెలేవా వస్తారు. వేరే సంజాయిషీ లేకపోతే గుడిసె తాళంచెవి అప్పగించాలి.

లాజరోవ్ రేడియోలో అడిగాడు. ఆఫీసంతా వింటూనే ఉంది.

"దోబ్రీ, నిజం చెప్పు. కాళ్లు నొప్పులా? పొయ్యి దగ్గర కూర్చున్నావా?"

"నీ వయసెంత లాజరోవ్? నువ్వు చెడ్డీ వేసుకోకముందు నుంచి కొలుస్తున్నా నేను. ప్రతి పొద్దూ పంపా. పచ్చ దీపం వెలిగింది. నీ డబ్బా మింగేస్తే నా కాళ్ల గురించి అడుగుతావేం?"

"నోటుబుక్కులో రాశావా?"

"ముప్ఫై ఒక్క ఏళ్లుగా రాస్తున్నా. పెన్సిలుతో."

"పెన్సిలుతో పొయ్యి దగ్గర కూర్చుని కూడా రాయొచ్చంటారు వాళ్లు."

"అయితే వచ్చి తీసుకోండి తాళంచెవి" అని కట్టేశాడు.

లాజరోవ్ పిన్ని వైపు తిరిగాడు. "ఏం చేద్దాం? పాపం, అబద్ధమాడే మనిషి కాడు."

"మనుషుల సంగతి నాకు తెలీదు" అంది పిన్ని. "వచ్చిన కట్టలున్నాయి కదా. పోయింది దారిలోనా, గుమ్మంలోనా చూస్తా."

పై నుంచి వచ్చే ప్రతి కట్టనూ తాళం తీయకముందే ఉన్నదున్నట్టు దాచే అలవాటు ఆవిడది. మిల్లులో ప్రతి తాను నుంచీ జానెడు ముక్క కోసి బీరువాలో పెట్టేవాళ్లట. ఆ పంతొమ్మిది రోజులకూ పంతొమ్మిది కట్టలున్నాయి. పిన్ని వాటి వంక చూసి ఏమీ తెరవలేదు. "రేపు పొద్దున పైకి పోదాం. ముందు ఆయన వేళ్లు చూడాలి" అంది.

మంగళవారం తెల్లారగానే గొలుసు చక్రాల బండి మమ్మల్ని గుడిసె దగ్గర దించింది. దోబ్రి అన్న మమ్మల్ని చూసి కొలకర్ర తీసుకుని మంచులోకి దిగాడు. నడుము దాటి మంచు. గుచ్చి చూశాడు, పక్కన ఇంకోచోట గుచ్చి చూశాడు, వంగి గాజుగొట్టంలో చలి చూశాడు. లోపలికి వచ్చి, మీసాల మీది మంచు తుడుచుకోకుండానే నోటుబుక్కులో రాశాడు. తర్వాత పంపే పెట్టె ముందు కూర్చున్నాడు.

పిన్ని ఆయన వెనక నిలబడింది. కొత్త అద్దాలు ముక్కు మీదికి జరుపుకుంది.

ఆయన రెండు వేళ్లతో టైపు చేశాడు: 07 0800 142 -11. గుడిసె నంబరు, వేళ, మంచు, చలి. చివర బొటనవేలితో ఎంటర్ మీట ఒక్కటి గట్టిగా కొట్టాడు. ఆ తర్వాత పచ్చ బొత్తాం నొక్కాడు. దీపం వెలిగింది.

"ఇదిగో" అన్నాడు. "ఇంకేం పంపాలి? నా గుండెకాయా?"

"అన్నా" అంది పిన్ని చాలా మెల్లగా, "ఆ చివర బొటనవేలితో కొట్టావే, ఎప్పుడూ కొడతావా?"

"ఏంటి, లైను ముయ్యకుండా వదిలెయ్యమంటావా? టెలిప్రింటరు మీద లైను ముయ్యని వాణ్ని స్టేషన్‌మాస్టరు గుమ్మంలో నిలబెట్టేవాడు."

పిన్ని బల్ల దగ్గరికి వచ్చి గళ్ల నోటుబుక్కు తీసింది. పదహారు గళ్లు గీసింది. సున్నా, ఏడు, ఖాళీ, సున్నా, ఎనిమిది, సున్నా, సున్నా, ఖాళీ, ఒకటి, నాలుగు, రెండు, ఖాళీ, అడ్డగీత, ఒకటి, ఒకటి. పదిహేను గళ్లు. పదహారో గడిలో చిన్న బాణం గుర్తు గీసి దాని కింద పది అని రాసింది. ఎంటర్ మీటకు యంత్రం లోపల అంకె పది.

నేను చూస్తున్నాను.

"రాచో," అంది తలెత్తకుండా. "నేను ప్లోవ్‌దివ్‌లో ఉన్నప్పుడు తీసేచోట ఎవరైనా చెయ్యి పెట్టారా?"

"నేనే పిన్నీ."

"తనిఖీ?"

"తీసేశా. నిండిన కట్టకు పదహార్లు కూడా మాన్పించా."

ఆవిడ పెన్సిలు నా చేతికిచ్చింది. "అయితే నువ్వే తియ్యి."

చివరి గడిలో పది. కట్ట నిండింది కాబట్టి పంపేచోట ఏమీ కలపలేదు. తీసేచోట నా కోడ్ చివరి గడి చూసి, ఇది ప్యాడింగ్ అనుకుని, పది గళ్లు కోసేస్తుంది. వెనకనుంచి పది గళ్లు కొట్టేశాను. మిగిలింది 07 080. మంచు లేదు, చలి లేదు. వేళ కూడా సగమే. ఆఫీసులో కంప్యూటరు దాన్ని చూసి మాట రాలేదని ఖాళీ వదిలేస్తుంది.

మంచు మీటరు లోపుంటే ఒక గడి తగ్గుతుంది, ఇబ్బంది లేదు. చలి మైనస్ తొమ్మిదిలోపుంటే ఒక గడి తగ్గుతుంది, ఇబ్బంది లేదు. రెండూ పెరిగి, చివర దోబ్రి అన్న బొటనవేలు పడితే సరిగ్గా పదహారు. మిగతా ఎనిమిది గుడిసెల్లో కుర్రకాపలాదార్లు ఎంటర్ కొట్టరు. వాళ్లకు ఎప్పుడూ పదహారు రాదు. అంటే నేను ఆదా చేసింది ప్రపంచంలో ఈ ఒక్క మనిషి మాట మీదే, అదీ ఆయన నడుములోతు మంచులో దిగిన పొద్దుల్లోనే.

ఇదంతా ఆవిడ ఒక బొటనవేలు చూసి పట్టుకుంది. నేను ఆ బల్ల దగ్గర కూర్చుని ఆవిడ అరిగిన వేళ్లకేసి చూస్తుండిపోయాను. పదిహేను గళ్లను ఆవిడ లెక్కపెట్టలేదు. దారం మీద వేలు నడిపి ఎక్కడ తెగిందో చెప్పేవాళ్లలా ఆ చప్పుడు దగ్గర ఆగిపోయింది.

"ఏమైందే దోన్కా?" అన్నాడు దోబ్రి అన్న. "నా తప్పా? ఆ మీట కొట్టడం మానెయ్యనా?"

"నీ వేలు సరిగ్గానే ఉందన్నా. వీడి కత్తెరే..."

ఆయన నా వంక చూశాడు. నేను చెప్పాను, ఉన్నదంతా. ఆయన లేచి ముగ్గురికీ కొండ టీ పోశాడు. నా గ్లాసు కొంచెం గట్టిగా పెట్టాడు. ఆ తర్వాత నోటుబుక్కు తీసి, చొక్కా మడతలో చుట్టి, పిన్ని చేతికిచ్చాడు. "తడవనివ్వకు."

గురువారం ఇన్‌స్పెక్టరు వెలేవా వచ్చింది. కోటు విప్పకుండానే కూర్చుంది. లాజరోవ్ ఏదో చెప్పబోతే పిన్ని ఆపింది.

"మాటలు తర్వాత. అమ్మా, ఈ నోటుబుక్కు మీరు పట్టుకోండి. ఏ రోజైనా సరే, ఒక పొద్దు చెప్పండి. కొలత చదవొద్దు. తేదీ చాలు."

వెలేవా పేజీలు తిప్పింది. "జనవరి పద్నాలుగు."

పిన్ని తీసేచోట తనిఖీని మళ్లీ పెట్టింది. వెనకనుంచి పది గళ్లూ పదులైతేనే కొయ్యి, కాకపోతే వదిలెయ్యి. ఆ రోజు కట్టకు తాళం తీసింది. తెర మీద లైను వచ్చింది: 07 0800 128 -14.

వెలేవా నోటుబుక్కులోకి చూసి, తెరకేసి చూసి, కోటు బొత్తాలు విప్పింది. "జనవరి ఇరవై రెండు."

07 0800 137 -17.

"ఇరవై మూడు."

07 0800 139 -19.

తర్వాత ఆవిడ తేదీలు చెబుతూ పోయింది, లైన్లు వస్తూ పోయాయి. మేం పోగొట్టుకున్నాం అనుకున్న శీతాకాలమంతా ఒక్కొక్క పొద్దుగా మంచులోంచి లేచి వచ్చి మా ముందు నిలబడుతోంది. ఒక్క అంకె తేడా లేదు. అవన్నీ రోజూ మా గుమ్మం దాకా వచ్చాయి. తాళం ఒక్క అక్షరం పోగొట్టలేదు. పదహారు గళ్లనూ పిండి చేసి, గుర్తుపట్టలేని ముద్ద చేసి, కొండ మీంచి గాలిలో విసిరితే, ఇక్కడ మళ్లీ బొటనవేలి దెబ్బతో సహా ఉన్నదున్నట్టు తెచ్చి ఇచ్చింది. గుమ్మంలో నిలబడి కోసింది నేను. పదకొండేళ్లుగా ఆ కోడ్‌తో పనిచేస్తూ కూడా దాని ముందు నేనెప్పుడూ అలా నోరుమూసుకుని కూర్చోలేదు.

పంతొమ్మిదోది వచ్చాక వెలేవా నోటుబుక్కు మూసింది. దాని అట్ట మీద అరచెయ్యి పెట్టింది. "ఈ పెద్దాయన పొయ్యి దగ్గర కూర్చున్నాడని రాసింది నేనే" అంది. తర్వాత లాజరోవ్ వైపు చూసి, "మరి తప్పెవరిది? ఉత్తరంలో పేరు రాయాలి" అంది.

"నాది" అన్నాను. "రాచో గెన్‌కోవ్. పేరు పూర్తిగా రాసుకోండి."

"తాళంచెవి సంగతి?" అంది పిన్ని.

వెలేవా మా దేశపు పద్ధతిలో తల అడ్డంగా ఊపింది, సరేనని. "ఆయన దగ్గరే ఉంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క పొద్దు కూడా తప్పలేదని నేనే రాస్తాను."

వెలేవా వెళ్లాక కోడ్ సరిచేయడానికి కూర్చున్నాను. పిన్ని పక్కనే ఉంది. తనిఖీ తిరిగొచ్చింది కాబట్టి, ఇప్పుడు ఆ ఖాళీ కట్ట లేకపోయినా అంతా సరిగ్గానే వస్తోంది కదా అని అడిగాను. అడిగింది మళ్లీ చెయ్యే, తల కాదు.

"ఈ రోజు వస్తోంది" అంది. "రేపు దోబ్రి అన్న ఆరక్షరాలు కొట్టి ఎంటర్ పదిసార్లు కొడతాడు. లేదా ఇంకో గుడిసెవాడు ఇంకోటేదో కొడతాడు. అప్పుడు మాటకీ ప్యాడింగ్‌కీ తేడా నీకు తెలుస్తుందా?"

"తెలీదు."

"తెలిసేలా వెయ్యి."

పదహారు పదహార్లూ తిరిగి పెట్టాను. ఆవిడ ఆ లైను మూడుసార్లు చదివి లేచింది. ఆ రోజు నుంచి నేను రాసిన ఏ లైనూ ఆవిడ చదవకుండా బయటికి పోలేదు. అది శిక్షని లాజరోవ్ అనుకున్నాడు. నేను అనుకోలేదు.

మరునాడు పొద్దున ఎనిమిదింటికి ఇద్దరం తెర ముందున్నాం. 07 0800 151 -12. రెండు కట్టలు వచ్చాయి. మొదటిది దోబ్రి అన్న మాట, చివర ఆయన బొటనవేలు. రెండోది పదహారు పదహార్లు, ఒక్కటి తక్కువ లేకుండా.

"అన్నా, బ్యాటరీ ఎలా ఉంది?" అని రేడియోలో అడిగాను.

"సూర్యుడి పలక మీద మంచు తుడిచి వచ్చా. రెండుసార్లు" అన్నాడు. "నువ్వు నీ కత్తెర దాచుకో, నా సంగతి నే చూసుకుంటా. వచ్చిందా అంతా?"

"అంతా వచ్చింది."

"లైను మూసుకుందా?"

పిన్ని నా చేతిలోంచి మైకు తీసుకుంది. "మూసుకుందన్నా" అంది.